చేత్తో తిప్పిన ఇంజిన్

ఈ వారం ఒక లారీ ఇంజిన్ గురించి రాస్తున్నాం. ఓపికతో చదవండి.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు మా సంఘంలోని ఒక సహోదరుడి లారీ సింగ్ నగర్‌లో ఆగి ఉంది. పాత ఆరు సిలిండర్ల బండి. ఇంజిన్ పూర్తిగా మునిగింది. అంతకు రెండు నెలల ముందే అతని భార్య ప్రభువునందు నిద్రించింది. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, బండి మీద ఫైనాన్సు.

నీళ్లు తీశాక మేము వెళ్లి బండి పక్కన నిలబడి ప్రార్థించాం. ఆమెన్ అన్న వెంటనే, "బాబూ, విశ్వాసంతో తాళం తిప్పు" అన్నాం. అతను క్యాబిన్ ఎక్కి తిప్పాడు కూడా. బ్యాటరీ చచ్చిపోయి ఉంది, చప్పుడే లేదు. ఆ రోజు మాకు నిరాశ కలిగింది. ఇప్పుడైతే ఆ చచ్చిన బ్యాటరీ కోసం స్తోత్రం చెల్లిస్తున్నాం.

బండిని ఆటోనగర్‌లో ఒక షెడ్డుకు లాక్కొచ్చారు. అక్కడి మేస్త్రీని అందరూ భాయ్ అంటారు. తాళం సంగతి వినగానే ఆయన తల పట్టుకున్నారు.

"పాస్టరుగారూ, గాలి నొక్కితే నలుగుద్ది. నీళ్లు నలగవు. సిలిండర్లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే పిస్టన్ పైకొచ్చి గుద్దుకుంటది, కనెక్టింగ్ రాడ్ వంగిపోద్ది. అప్పుడు బండి అమ్ముకోడమే."

ముందు బ్యాటరీ వైర్లు తీసేశారు. గేరు న్యూట్రల్లో పెట్టి, చక్రాలకు రాళ్లు వేశారు. కింద బోల్టు విప్పితే మొదట నీళ్లు, తర్వాత పాలు ఎక్కువైన టీలాంటి ఆయిల్ వచ్చింది. తర్వాత ఆరు నాజిల్స్ విప్పారు. సిలిండర్లో ఉన్నది బయటికి పోవడానికి దారి కావాలి కదా. క్రాంక్ పుల్లీ బోల్టుకు సాకెట్ వేసి, పొడుగాటి హ్యాండిల్ తగిలించి సహోదరుడి చేతికే ఇచ్చారు. "ఇంజిన్ నడిచే వైపే తిప్పు. వెనక్కి తిప్పితే బోల్టు వదులైద్ది. ఎక్కడన్నా పట్టేస్తే బలం పెట్టకు, నాకు చెప్పు. సెల్ఫ్ మోటారుకి అడ్డమొచ్చింది తెలీదు, చేతికి తెలుస్తది."

కాస్త తిప్పడం, ఆగడం, మళ్లీ కాస్త. మమ్మల్ని రంధ్రాల మీదికి వంగొద్దన్నారు. మూడో సిలిండర్ దగ్గర బురదనీళ్లు చివ్వున ఎగిశాయి. అన్ని సిలిండర్లూ తమ నాలుగు స్ట్రోకులు పూర్తి చేయాలంటే క్రాంక్ రెండు చుట్లు తిరగాలట. ఆ రెండు చుట్లకే దాదాపు అరగంట పట్టింది.

ఆ అరగంటలో, తల ఎత్తకుండానే, సహోదరుడు ఆసుపత్రిలో చివరి రాత్రి గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. రెండు నెలల్లో మాకెన్నడూ చెప్పలేదు.

అప్పుడు మాకు జ్ఞాపకం వచ్చింది. సమాధి చేసిన మూడో ఆదివారమే అతన్ని ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమన్నాం. రెండు మాటలు చెప్పి గొంతు పట్టేస్తే, పాట ఎత్తుకోమని సైగ చేశాం. సంఘమంతా చప్పట్లు కొట్టింది. తర్వాత నాలుగు ఆదివారాలు అతను రాలేదు. ట్రిప్పు మీద వెళ్లాడనుకున్నాం. అతని ఇల్లు మందిరానికి నాలుగు ఇళ్ల అవతలే, వెళ్లి అడగలేదు.

షెడ్డులో కూడా "ప్రార్థన చేద్దామా" అని నోటి దాకా వచ్చింది. ఆపుకున్నాం. సెమినరీలో ప్రసంగం ఎలా మొదలుపెట్టాలో, ఎలా ముగించాలో నేర్పారు గానీ, ఇది మాత్రం గ్రీజు చేతుల మధ్య నేర్చుకోవలసి వచ్చింది. అతను చెప్పుకుంటూ తిప్పాడు. మధ్యలో హ్యాండిల్ మాకిచ్చి కళ్లు తుడుచుకున్నాడు. మేము తిప్పాం.

రాడ్లు వంగలేదు. బేరింగులు చూసి, ట్యాపెట్లు సెట్ చేసి, ఆయిల్ రెండుసార్లు మార్చాక బండి స్టార్టయింది. ఖర్చు మాత్రం బాగానే అయింది, ఇంకా కొంత బాకీ ఉంది.

పోయిన ఆదివారం అతను పిల్లలతో వచ్చి వెనక చాప మీద కూర్చున్నాడు. ముందుకు పిలవలేదు. ఆ కుటుంబం కోసం మీ ప్రార్థనలలో జ్ఞాపకం చేసుకోండి. పేరు మాత్రం అడగకండి.