ఉప్పుగాలికి ఉపాయం

సముద్రం పక్కన ఇనుము నిలవడం కష్టం. విశాఖపట్నంలో కాపురం పెట్టినవాళ్ళకి ఈ సంగతి మొదటి ఏడే తెలిసివస్తుంది. కిటికీ ఊచలు, గేటు బందులు, మేడమీది ట్యాంకు బోల్టులు, దేన్నీ ఆ గాలి వదలదు. బీచి రోడ్డు మీద ‘కురుసుర’ జలాంతర్గామి వుంది చూడండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002 నుంచి ఇసుకలో మ్యూజియమై కూర్చుంది. ముప్పయ్యేళ్ళకు పైగా సముద్రంలో తిరిగిన ఉక్కుకి కూడా ఒడ్డున రంగుల సేవ తప్పదు. ఇక అంబాసిడర్ కారెంత!

మా యింట్లో వున్నది మా మామగారి అంబాసిడర్, మార్క్ టూ. 1970లో కొన్నారు. మా ఆవిడ స్టీరింగు పట్టడం నేర్చుకున్నది అందులోనే. మామగారు పోయాక బండి మా వాకిట్లోకి వచ్చింది. “ఎందుకు బావగారూ ఆ చాకిరీ? తూకానికి వేసెయ్యండి” అంటాడు మా బావమరిది హైదరాబాదు నుంచి. ఈ మాట వచ్చినప్పుడల్లా మా ఆవిడ ఫోను నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోతుంది.

కిందటి వైశాఖంలో ముగ్గురమూ ఒక ఒప్పందానికి వచ్చాం. బండి అడుగు గట్టిగా వుంటే వానలు పడేలోగా మంచి పూత వేయించి వుంచుకోవడం. పుచ్చిపోతే మారు మాట్లాడకుండా పంపించెయ్యడం. తేల్చవలసింది బెజవాడ ఆటోనగర్. అక్కడ పాత బళ్ళ నాడి తెలిసిన మేస్త్రీలున్నారు.

అడుగు అంటే ముఖ్యంగా చక్రాల పైన వంపుగా వుండే గూళ్ళు. దీనికి కారణం వుంది. 1957 నుంచి 2014 దాకా కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో తయారైన ఈ కారుకి, లారీకి వున్నట్టు విడిగా ఛాసిస్ లేదు. బాడీయే ఎముకలగూడు. వెనక కమాను కట్టలు పట్టుకుని వేలాడేది ఆ రేకు పెట్టెలనే. చక్రం విసిరే కంకర, బురద, ఉప్పునీరు తగిలేదీ అక్కడే. రాయి తగిలి రంగు లేస్తుంది. లేచినచోట తేమ చేరుతుంది. ఉప్పు ఆ తేమని ఆరనివ్వకపోగా తుప్పుకి వేగం పెంచుతుంది. తుప్పు తాను తిన్న ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక పక్క రంగుని కూడా పొక్కులుగా లేపుతుంది. ఇంటిని చెదపురుగు తిన్నట్టే, పైకి కనపడేసరికి లోపల భోజనం పూర్తవుతుంది.

మేము బయలుదేరేసరికి ఇరుగుపొరుగుల సలహాలు డిక్కీ నిండా వున్నాయి. ఒకాయన కాల్చిన ఇంజనాయిలు పిచికారీ చేయించమన్నాడు. ఒకప్పుడు చాలామంది చేసిన పనే. నీటిని కొన్నాళ్ళు ఆపుతుంది. కాని రబ్బరు బుష్షుల్ని ఉబ్బించి పాడుచేస్తుంది, వాకిలంతా మరకలు, చేతికీ నేలకీ మంచిది కాదు. ఇంకొకాయన తారు పూయమన్నాడు. మూడో ఆయన మైనం అన్నాడు.

తెల్లవారుజామున బయలుదేరితే ఎండ ముదిరేలోగా అన్నవరం చేరాం. అన్నవరం మీదుగా పోతూ విస్తరాకు పొట్లంలో సత్యదేవుడి ప్రసాదం తీసుకోని తెలుగువాడుంటాడా! వేడి వేడి గోధుమనూక ప్రసాదం సీట్లో పెట్టుకుని మా ఆవిడ, “నాన్నగారు ఇక్కడ బండి దిగకుండా ఎప్పుడూ పోలేదండీ” అంది. నేనేమీ అనలేదు. వెనక ఎడమ చక్రం వైపు నుంచి, గుంట వచ్చినప్పుడల్లా, టకటకమని ఒక చప్పుడు వినిపిస్తోంది.

రాజమండ్రిలో రోడ్డు-రైలు వంతెన మీదుగానే పోదామని ఆవిడ పట్టుబట్టింది. 1974లో తెరిచిన వంతెన; మనం పైన, రైలు కింద. పక్కన 1900లో తెరిచి 1997లో విశ్రాంతి ఇచ్చిన హేవలాక్ వంతెన గోదావరి మీద అలాగే నిలబడి వుంది. ఇనుము తనంత తాను అన్నేళ్ళు నిలబడదు. నిలబెట్టినవాళ్ళు గీకి, తుడిచి, రంగువేసి, మళ్ళీ గీకి నిలబెట్టారు. ఆ తరాలవాళ్ళు ఉక్కుకి మొదట పూసేది సిందూరం. నిజంగా సిందూరమే, సీసపు ఎర్రరంగు. హనుమాన్ జంక్షన్లో స్వామిని చూసినప్పుడు ఆ మాటే చెబితే మా ఆవిడ నవ్వింది. సీసం విషం కనుక ఆ పూత క్రమంగా వెనకబడింది. ఇప్పుడు షాపుల్లో చవగ్గా దొరికే రెడాక్సైడు దాని రంగు తెచ్చుకుంది గాని, దాని సత్తా తెచ్చుకోలేదు.

ఆటోనగర్ ఒక ఊరు. సుత్తి దెబ్బలతో తెల్లవారి, వెల్డింగు మెరుపులతో చీకటి పడుతుంది. ఒక వీధిలో లారీ బాడీలు కడుతుంటే, పక్క వీధిలో కమాను కట్టలు కొలిమిలో ఎర్రగా కాలుతుంటాయి. మూడో వీధిలో పాత ఇంజన్లు గుట్టలుగా పోసి వుంటాయి. రేకు పనివాణ్ణి అడిగితే పిల్లవాడు కూడా దారి చూపిస్తాడు. మేం వెతుక్కుంటూ వెళ్ళిన మేస్త్రికి అరవై దాటాయి. బండి పైకి లేపి, చక్రాలు విప్పించి, చేతిలోని స్క్రూడ్రైవరు పిడితో గూళ్ళన్నీ కొట్టి చూశాడు. మూడు గూళ్ళు ఖంగుమన్నాయి. నాలుగోది, వెనక ఎడమది, పెచ్చులూడిన గోడలా పలికింది.

“ఎప్పుడో తారు కొట్టించారు సార్. పైకి నల్లగా నిగనిగలాడుతోంది. కింద ఏముందో గీకితేగాని తెలియదు.”

“గీకితే?” అంది మా ఆవిడ.

“గట్టి రేకు దొరికితే బండి మీది అమ్మా. దొరక్కపోతే నన్ను తిట్టకూడదు. గీకకుండా మళ్ళీ నలుపు కొట్టమంటే సాయంత్రానికి ఇచ్చేస్తా, మూడో వంతు డబ్బుతో.”

ఇద్దరమూ ఆవిడ ముఖం చూశాం. “గీకండి” అంది.

ఎండిన తారు పెళుసెక్కుతుంది. పగుళ్ళు పడ్డచోట నీరు లోపలికి పోతుంది, తిరిగి రాదు. తవ్వితే అదే బయటపడింది. అరచేతి వెడల్పు పెచ్చు లేచింది. దానికింద తడి, తుప్పు, అందులో రూపాయి బిళ్ళంత చిల్లి. మేస్త్రి చిల్లి చుట్టూ అంగుళం అంగుళం వైర్ బ్రష్షుతో తోముకుంటూ పోయాడు. మేం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. జానెడు దూరం పోయేసరికి తెల్లగా, మెరుస్తూ, మంచి రేకు వచ్చింది. కమాను పట్టుకునే చోటు గట్టిగానే వుంది. టకటకమన్నది అరిగిన బుష్షు, అంతే. అదీ మార్చాడు.

ఇక పూత ఎంపిక. మేస్త్రి లెక్క తేలిక: ఏ పూతా అన్ని పనులూ చెయ్యదు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క కొలువు. ముందు పుచ్చినంత మేరా కోసి కొత్త రేకు వెల్డింగు చేయాలి. గూళ్ళు మంచినీళ్ళతో కడిగి ఉప్పు వదిలించి, పూర్తిగా ఆరనివ్వాలి. గుంటల్లో తోమడానికి అందని తుప్పుకి ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన మందు రాయాలి. తర్వాత శుభ్రమైన ఇనుము మీద రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ ప్రైమరు. ఇది ఇనుముని పట్టుకుంటుంది, తేమని ఆపుతుంది. అతుకుల్లో సీలరు. దానిమీద రాతిదెబ్బ కాచే రబ్బరు పూత, ఒకేసారి మందంగా కాదు, పలచగా రెండు మూడు సార్లు, ఒకటి ఆరాకనే మరొకటి. మైనం ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు, గీతపడితే తానే సర్దుకుంటుంది. కాని చక్రం కొట్టే నీటికి గూళ్ళలో కొట్టుకుపోతుంది. దాని చోటు తలుపుల లోపల, పెట్టె రేకుల లోపల. బ్రేకు గొట్టాలమీద, కమాన్లమీద ఏ పూతా పడకూడదు. నీరు కారే చిల్లులు మూయకూడదు. మూస్తే మనమే చెరువు కట్టినట్టు.

“రంగు మామూలు నలుపే కదా సార్?”

“వద్దు. లేత రంగు వెయ్యండి” అంది మా ఆవిడ. “తెల్లచీర మీద మరక దాగదు. నల్లదాని కింద ఏం జరుగుతోందో ఇన్నాళ్ళూ ఎవరికి తెలిసింది?”

మేస్త్రి చేతిలోని గుడ్డ కిందపెట్టి ఆవిడవంక ఒకసారి చూశాడు. “రేకుపని తెలిసినవాళ్ళ మాట అమ్మా అది” అన్నాడు. రబ్బరు పూత మీద రంగు పట్టే రకమే తెచ్చాడు.

నాలుగురోజులు పటమటలో మా పిన్నిగారింట్లో వున్నాం. ఆవకాయ రోజులు, పిన్ని మామిడికాయలు కొట్టిస్తుంటే నేను పూటకోసారి పూత ఆరిందా లేదా అని చూసి వచ్చేవాణ్ణి. అదృష్టంకొద్దీ రోహిణి ఎండలు. ఆరడానికి అంతకంటె మంచి కాలం లేదు. ఖర్చు, నల్లపూతకి మూడింతలు కాస్త దాటింది.

విశాఖ చేరిన మర్నాడు మా బావమరిది ఫోను. ఈసారి మా ఆవిడే మాట్లాడింది. చిల్లి సంగతి దాచలేదు, ఖర్చు సంగతి కూడా దాచలేదు. అవతల కొంచెంసేపు నిశ్శబ్దం. “సరే అక్కా, దసరాకి వస్తాం. పిల్లల్ని అందులో భీమిలి తీసుకెడదాం” అన్నాడట.

సముద్రతీరంలో పాత బండి వున్న పాఠకులకి మేస్త్రి చెప్పి పంపిన ఒక్క మాట: పూత వేయించామని నిద్రపోకండి. వానాకాలంలో వారానికోసారి గొట్టంతో చక్రాల గూళ్ళు మంచినీళ్ళతో కడగండి. ఏడాదికోసారి చక్రాలు విప్పించి లైటు వేసి చూడండి. గోధుమరంగు చుక్క కనిపిస్తే ఆ వారమే ఉప్పుకాగితం పట్టుకోండి. చుక్కగా వున్నప్పుడు అది అరగంట పని.