కొసరు ఎవరికి?

వ్యాకరణం చదువుకున్నవారికి ఒక సూక్తి గుర్తుండే ఉంటుంది. ఆగమం మిత్రుని వంటిది, ఆదేశం శత్రువు వంటిది. ఆగమంగా వచ్చిన అక్షరం ఉన్నవాటి పక్కన ఒదిగి కూర్చుంటుంది. ఆదేశంగా వచ్చినది ఉన్నదానిని వెళ్ళగొట్టి ఆ స్థానాన్ని ఆక్రమిస్తుంది. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు ఈ సంగతి చెప్పిన నాకు, అంతర్జాలంలో విమానపు టిక్కెట్టు కొన్ననాడు రెండూ ఒకే తెరమీద దర్శనమిచ్చాయి. అయితే అక్కడి ఆగమాలలో మైత్రి మాత్రం కనిపించలేదు.

2024 నవంబరు మాట. శ్రీకాకుళంలో మా వీధి మొగను కూరగాయలమ్మే ఒకామె ఉన్నది. హైదరాబాదులో ఉన్న ఆమె కూతురికి నెలలు నిండకుండానే నొప్పులు వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. మరునాటికల్లా తల్లి అక్కడ ఉండాలి. రైళ్ళలో చోటు లేదు. విశాఖపట్నం నుంచి విమానానికి 4,299 రూపాయలని తెర చెప్పింది. అదే ఆమెకు చెప్పాను. ఆమె ఇంటికి వెళ్ళి, ఎక్కడెక్కడివో కూడదీసి, కొంగుముడి విప్పి 4,500 రూపాయలు నా బల్లమీద లెక్కపెట్టింది.

ప్రయాణికురాలి పేరు, వయస్సు నింపి ముందుకు సాగగానే "ధర మారింది" అని ఒక పలక మెరిసింది. 4,299 పోయి 4,911 వచ్చింది. ఇది ఆదేశం. ఆపై ఆగమాలు మొదలయ్యాయి. సీటు ఎంచుకొమ్మని 300. వద్దనే మాట అడుగున, చీమ తలకాయంత అక్షరాలలో ఉన్నది. అడగకుండానే చేరిన ప్రయాణ బీమా 249. దానిని వెతికి తొలగించాను. చివరి పుటలో "సౌకర్య రుసుము" 399. దీనిని తొలగించే మార్గం లేదు. ఎవరి సౌకర్యమో ఆ సమాసానికి విగ్రహవాక్యం నాకు తోచలేదు. మొత్తం 5,310. మొదటి మాటకూ చివరి మాటకూ తేడా 1,011. మరొక 105 చేరిస్తే వెయ్యిన్నూటపదహార్ల సంభావన పూర్తయ్యేది!

"ఇందాకల నాలుగేల మూడొందలన్నారు కదా మేస్టారూ, ఇంతలోకే పెరిగిపోనాదేటండి?" అన్నదామె.

ఏమని చెప్పను? ఆమె వంకాయలకు చెప్పిన ధర తూకం వేశాక పెరగడం నేనెన్నడూ చూడలేదు. బేరమాడితే తగ్గుతుంది. తూచిన తరువాత రెండు కాయలు కొసరు కూడా పడతాయి. మన సంతలలో ధర పైనుంచి కిందికి దిగుతుంది, కొసరు కొన్నవారికి చెందుతుంది. తెరమీది అంగడిలో ధర కిందినుంచి పైకి ఎక్కుతుంది, కొసరు అమ్మినవారికి చెందుతుంది. బేరమాడుదామంటే ఎదుట మనిషి లేడు. పైగా "మూడే సీట్లున్నవి" అనే తొందర ఒకటి.

తక్కువపడిన 810 రూపాయలు నేను వేసి టిక్కెట్టు తీశాను. ఆమె వేళకు చేరుకున్నది, తల్లీబిడ్డా క్షేమం. తిరిగివచ్చాక, వద్దన్నా వినక, ఆ సొమ్మును మూడు విడతలుగా తీర్చింది. ఆ 399 ఆమెకు రెండు రోజుల లాభం. నెల జీతగాడు విసుక్కొని మరచిపోయే అంకె అది. లెక్కపెట్టిన నోట్లతో వచ్చినవారికి ప్రయాణమే ఆగిపోయే అంకె.

దీనికి చట్టం లేదనుకోవద్దు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ పేరిట పదమూడు మాయోపాయాలను పేర్కొని నిషేధించింది. ధరను చివరిదాకా బొట్టుబొట్టుగా బయటపెట్టడం, అడగనిది బుట్టలో వేయడం, లేని తొందర పుట్టించడం అందులోనివే. బీమా వద్దన్నవారిచేత "నేను రక్షణ లేకుండానే ఉంటాను" అనిపించి సిగ్గుపడేలా చేయడానికి విమానపు టిక్కెట్లనే ఉదాహరణగా చూపారు.

ఇక లోపమనే కార్యం టిక్కెట్టు రద్దు చేసుకున్నప్పుడు జరుగుతుంది. అసలు ఛార్జీ తిరిగిరాని టిక్కెట్టయినా, ప్రభుత్వ పన్నులనూ విమానాశ్రయ రుసుములనూ సంస్థ తిరిగి ఇవ్వాలని పౌర విమానయాన డైరెక్టరేటు నిబంధన ఉన్నది. చాలామంది ఇది తెలియక, అంతా పోయిందనుకొని ఊరుకుంటారు. మిత్రులారా, తప్పక అడగండి.

2024 జూన్‌లో పౌర విమానయాన శాఖ బాధ్యతలను మా శ్రీకాకుళం లోక్‌సభ సభ్యులు కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు స్వీకరించారు. విజయనగరం జిల్లా భోగాపురంలో విమానాశ్రయ నిర్మాణానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగింది. సంతోషమే. విమానాశ్రయం మా ఇళ్ళకు దగ్గరయ్యేకొద్దీ, కొంగుముడి విప్పి టిక్కెట్టు కొనేవారు పెరుగుతారు. వారికి తగ్గింపు ఇవ్వనక్కరలేదు. మొదటి పుటలోనే చివరి ధర చెబితే చాలు. కూరగాయల గంప ముందు అది రోజూ జరిగే పనే.