స్టీరింగ్ పని చేయిస్తే గేర్ పట్టేసింది: తప్పు ఎక్కడ వెతకాలి?



ఈసారి పోస్టు కొంచెం పెద్దది. బండ్ల గురించి. అమెరికాలో చూసిన సంగతే అయినా మన ట్రాక్టర్లకీ మోటార్లకీ పనికొస్తుంది, చివరిదాకా చదవండి.

పోయిన ఏడాది అబ్బాయి దగ్గర టెక్సాస్‌లో నాలుగు నెలలు ఉన్నాం. వాళ్ల ఇల్లు ఊరి చివర. కంచె దాటితే ఒక ముసలి రైతు పొలం. ఆవులు, గడ్డి, ఒక పాత ట్రక్కు. ఆ ట్రక్కు షెవర్లే సీ-10, 1970 మోడల్. వాళ్ల నాన్న కొత్తగా కొన్నదట.

దాని గేర్ రాడ్డు కింద ఉండదు, స్టీరింగ్ పక్కనే ఉంటుంది. మన పాత అంబాసిడర్ నడిపిన వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. నేను పదేళ్లు అంబాసిడర్ తోలాను కాబట్టి నాకది కొత్త కాదు. అంబాసిడర్‌కి నాలుగు గేర్లు, దీనికి మూడే. రాడ్డు మన వైపు లాగి పైకంటే రివర్స్, కిందకంటే ఫస్ట్. అవతలకి నెట్టి పైకంటే సెకండ్, కిందకంటే థర్డ్. అక్కడి వాళ్లు దీన్ని సరదాగా "చెట్టు మీద మూడు" అంటారు.

పెద్దాయన స్టీరింగ్‌లో ప్లే ఎక్కువైందని, ఆయిల్ కూడా కారుతోందని, ఒక షాపులో స్టీరింగ్ బాక్సు మార్పించాడు. బండి ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ గేర్ పట్టేయడం మొదలైంది. ఫస్ట్ నుంచి సెకండ్‌కి పోయేటప్పుడు రాడ్డు మధ్యలో ఇరుక్కుంటుంది. రివర్స్ ఒకసారి పడితే రెండుసార్లు పడదు. ఒకరోజు హైవే దాటుతూ నడిరోడ్డు మీద ఆగిపోయాడట, అటు నుంచి పెద్ద లారీ వస్తోంది. వినగానే నాకు ఒళ్లు జలదరించింది.

మళ్లీ షాపుకి తీసుకెళ్తే, "గేర్ బాక్సు పోయింది, పాత బండి కదా, 1800 డాలర్లు అవుతుంది" అన్నారట. మన లెక్కలో లక్షన్నర. అంత పెట్టలేక ఆయన బండి అమ్మేద్దామనుకున్నాడు. తుక్కు ధరకి అడిగినవాడు శనివారం వస్తానన్నాడు. మా అబ్బాయి చెప్పింది ఇదీ. చెప్పి, "మనకెందుకు నాన్నా, షాపు వాళ్లే చెప్పారుగా" అన్నాడు.

నాకు ఒక్కటే అనుమానం. షాపుకి వెళ్లేదాకా గేర్లు బాగానే పడ్డాయి. అక్కడ ముట్టుకున్నది స్టీరింగ్. గేర్ బాక్సు జోలికే పోలేదు. అది సరిగ్గా అదే రోజు ఎలా పోతుంది? అబ్బాయిని వెంటబెట్టుకుని వెళ్లాను, మాట అటూ ఇటూ చెప్పడానికి.

ముందు ఈ గేర్ ఎలా పనిచేస్తుందో చెప్తాను. స్టీరింగ్ కాలమ్‌లో ఒక గొట్టం ఉంటుంది. గేర్ రాడ్డు ఆ గొట్టాన్ని తిప్పుతుంది. గొట్టం కింది చివర, ఇంజన్ వైపు, రెండు చిన్న చేతులు ఉంటాయి. ఒకటి ఫస్ట్, రివర్స్‌కి. రెండోది సెకండ్, థర్డ్‌కి. ఒక్కో చేతి నుంచి ఒక్కో పొడవాటి రాడ్డు గేర్ బాక్సు పక్కనున్న లివర్‌కి పోతుంది. మనం రాడ్డు మన వైపు లాగితే గొట్టం చివరున్న పన్ను ఒక చేతిని పట్టుకుంటుంది, అవతలకి నెడితే రెండోదాన్ని. పన్ను ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకోవాలంటే రెండు చేతులూ కచ్చితంగా న్యూట్రల్‌లో ఒకే వరసలో ఉండాలి. ఒకటి కాస్త అటో ఇటో ఉంటే పన్ను అంచుకి తగులుకుని నిలబడిపోతుంది. అప్పుడు గేర్ బాక్సే బిగుసుకుపోయినట్టు అనిపిస్తుంది.

ఇంకో సంగతి. ఆ చేతులు కాలమ్‌తో పాటు ఉంటాయి. గేర్ బాక్సు ఛాసిస్‌కి ఉంటుంది. కాలమ్ పైకి జరిగినా, కొంచెం తిరిగినా రాడ్ల కొలత మారిపోతుంది. స్టీరింగ్ బాక్సు మార్చేటప్పుడు కాలమ్ వదులు చేసి పైకి లాగడం మామూలే. ఎలా ఉన్నదాన్ని అలాగే కూర్చోబెట్టకపోతేనే చిక్కు.

చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాం. ఇంజన్ ఆఫ్. మొదట ఆ రెండు రాడ్లనీ గేర్ బాక్సు లివర్ల దగ్గర ఊడదీశాం. క్లిప్పులే, పెద్ద పని కాదు. లివర్లను చేత్తో కదిపి చూడమన్నాను. ముందుకి, మధ్యకి, వెనక్కి. ఒకటి కదిపేటప్పుడు రెండోది న్యూట్రల్‌లో ఉండాలి, లేకపోతే లోపలి లాకు కదలనివ్వదు. రెండూ టక్కు టక్కుమని చక్కగా పడ్డాయి. అంటే లివర్ల దగ్గర్నుంచి లోపలికి గేర్ మార్చే పని సక్రమంగానే ఉంది. పెద్దాయన బండి కింద పడుకునే నా వైపు చూశాడు. ఆ చూపుకి అబ్బాయి తర్జుమా అక్కర్లేకపోయింది.

తర్వాత రాడ్లు ఊడి ఉండగానే పైన గేర్ రాడ్డు కదిపాం. అప్పుడూ మధ్యలో పట్టేస్తోంది. తప్పు కాలమ్ దగ్గరే ఉందని తేలిపోయింది. టార్చి వేసి చూస్తే, కాలమ్ నేలలోకి దిగే చోట పాత మట్టి గీత ఒకటి కనిపించింది. యాభై ఏళ్లుగా క్లాంపు అక్కడే ఉంది. ఇప్పుడు ఆ గీత క్లాంపుకి అర అంగుళం పైన ఉంది. కాలమ్ పైకి జరిగిందని అదే సాక్ష్యం. డాష్‌బోర్డు కిందున్న బోల్టులు వదులు చేయగానే కాలమ్ తనంతట తనే ఒక పక్కకి సర్దుకుంది. అంటే వంకరగా పెట్టి బలవంతాన బిగించారన్నమాట. స్టీరింగ్ ఒక చోట బరువుగా తిరగడానికి కారణం కూడా అదే.

కాలమ్‌ని పాత గీత దగ్గరికి దింపాం. స్టీరింగ్ బాక్సుని కలిపే గుండ్రటి రబ్బరు కప్లింగ్ ఎటూ లాగకుండా నిటారుగా ఉందో లేదో చూసుకుని అది బిగించాం. తర్వాత నేల క్లాంపు, ఆఖరున డాష్ కింది బోల్టులు. రాడ్ల చివర ఒక బుష్ అరిగి కోడిగుడ్డు ఆకారంలో అయిపోయింది. కొత్తది నాలుగు డాలర్లు.

చివరగా రాడ్ల కొలత. గేర్ బాక్సు లివర్లు రెండూ న్యూట్రల్‌లో పెట్టాలి. పైన కాలమ్ చేతుల్లో రంధ్రాలు ఉంటాయి. అవి ఒకే వరసకి వచ్చాక సరిపోయే డ్రిల్ బిట్ ఒకటి దూర్చాలి, చేతులు కదలకుండా. అలా ఉంచి రాడ్ల మీద నట్లు బిగించి, బిట్ తీసేయాలి. అంతే. ముందు ఇంజన్ ఆపి, తర్వాత పొలంలోనే నడిపి, స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పుతూ అన్ని గేర్లూ వేసి చూశాం. వారం తర్వాత బోల్టులన్నీ మళ్లీ చూసుకున్నాడు.

శనివారం వచ్చినవాడు ఖాళీగా వెళ్లాడు.

సోదరులారా, ఇందులో నా గొప్ప ఏమీ లేదు. పని చేయించక ముందు బాగున్నది, పని తర్వాత పాడైతే, ముందు చెయ్యి పడిన చోటే చూడాలి. మన దగ్గరా ఇదే తంతు. త్రీఫేజ్ మోటార్ రిపేరు చేయించి బోరులో దింపాక నీళ్లు తగ్గితే, "బోరు ఎండింది" అనేవాళ్లు ఉంటారు. రెండు ఫేజుల వైర్లు తారుమారై మోటార్ ఎదురు తిరుగుతోందేమో ముందు చూడాలి. ట్రాక్టర్‌కి క్లచ్ ప్లేటు వేయించాక గేర్ గరగరమంటే, గేర్ బాక్సు విప్పించే ముందు క్లచ్ పెడల్ ఫ్రీ ప్లే సరి చూడాలి. వీటికి ఖర్చు ఉండదు. మోటార్‌కైతే మెయిన్ స్విచ్ ఆపి, వైర్లు తెలిసినవాడి చేతే మార్పించండి.

ఒక్క జాగ్రత్త. స్టీరింగ్ కప్లింగ్, స్టీరింగ్ బోల్టులు ప్రాణంతో పని. తెలియకపోతే చెయ్యి పెట్టొద్దు, తెలిసిన మేస్త్రీని పిలవండి. కానీ పక్కన నిలబడి చూడండి. విప్పే ముందు పాత గీతలు ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. పెద్ద రిపేరు చెప్తే, "ఏది ఊడదీసి చూసి చెప్తున్నావు?" అని మర్యాదగానే అడగండి. పని తెలిసిన మేస్త్రీ ఆ మాటకి కోపం తెచ్చుకోడు, చూపిస్తాడు.

మీకూ ఇలాంటి అనుభవం ఉంటే రాయండి, నలుగురికీ పనికొస్తుంది.