ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిది

పన్నెండు గంటలంటే సూర్యుడు నడిమింట ఉండే వేళ అని చిన్నప్పుడు అందరం నేర్చుకున్నాం. హైదరాబాదులో అది నిజం కాదు. అక్కడ పొద్దు నడిమింటికి చేరేసరికి గోడగడియారం సగటున పన్నెండుంబావు చూపిస్తుంది. శ్రీకాకుళంలో పన్నెండు కొట్టకముందే చేరిపోతుంది. ఆదిలాబాదుకీ శ్రీకాకుళానికీ మధ్య 20 నిమిషాల పైచిలుకు తేడా, ఇంచుమించు ఒక ఘడియ.

ఒకప్పుడు ఈ తేడాతో ఎవరికీ పని పడలేదు. నీళ్లమీద తేలే చిల్లుగిన్నె మునిగితే ఒక ఘడియ. అలాంటివి అరవై అయితే ఒక రోజు. రైలొచ్చాకే చిక్కొచ్చింది. స్టేషనుకో మధ్యాహ్నం ఉంటే బండ్ల వేళలు రాసేదెలా? అందుకే రైళ్లు చాలాకాలం మద్రాసు వేళకు నడిచాయి. 1906 జనవరి 1 నుంచి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా దేశానికి ప్రామాణిక కాలం వచ్చింది. బొంబాయి మాత్రం 39 నిమిషాలు వెనకుండే తన వేళను 1955 దాకా వదల్లేదు. ఆ పట్టుదల నాకిష్టం.

గడియారం చేసిన మేలు చిన్నది కాదు. ఎనిమిది గంటలే పని చేస్తామని కార్మికుడు నిలదీయగలిగింది దాన్ని చూపించే. పొద్దు పొడిచింది మొదలు పొద్దుగూకేదాకా చాకిరీ చేసిన పాలేరుకు ఆ ఆధారం లేదు.

అయితే అది పంచాంగంలోకీ వచ్చి కూర్చుంది. రాహుకాలమంటే సూర్యోదయం నుంచి అస్తమయం దాకా ఉన్న పగటిలో ఎనిమిదో వంతు. పగలు పెరిగితే అదీ పెరగాలి, ఊరు మారితే వేళా మారాలి. ఇప్పుడు సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది అని క్యాలెండరులో చూసి, ఏ ఊరివాళ్లయినా ఒకే నిమిషానికి గడప దగ్గర ఆగుతున్నారు. అమెరికా వెళ్లిన తెలుగువాళ్లు మాత్రం తాము ఉండే నగరానికి విడిగా గణించిన పంచాంగాలు తెప్పించుకుంటున్నారు. అసలు పద్ధతి అదే.

అన్నవరం కొండమీద నీడగడియారం ఉంది. ప్రామాణిక రేఖాంశం ఆ దగ్గర్లోనే కాకినాడ పక్కనుంచి పోతుంది కనుక, అక్కడ సూర్యుడి వేళకూ దేశపు వేళకూ సగటున నిమిషం తేడా కూడా ఉండదు. భూమి నడకలోని హెచ్చుతగ్గుల వల్లా, దాని అక్షం ఒరిగి ఉండటం వల్లా నవంబరు మొదట్లో నీడ పావుగంట ముందుంటుంది, ఫిబ్రవరిలో దాదాపు అంతే వెనకబడుతుంది. ఈసారి వ్రతానికి వెళ్లినప్పుడు పిల్లల్ని అక్కడ కాసేపు నిలబెట్టి చేతిగడియారంతో పోల్చి చూపించండి. ఇంటికొచ్చాక వాకిట్లో కర్ర పాతి, నీడ అన్నిటికన్నా పొట్టిగా ఎప్పుడుంటుందో చూసి, మీ ఊరి మధ్యాహ్నం ఎన్నింటికో వాళ్లనే తేల్చమనండి.