నిలబెడితే చెడిపోయే కారులో అబెతోనే కనుమ దాకా

ఉదయం ఆరున్నరకు మోడెనా ఊరి అంచున ఒక షెడ్డు తలుపు పైకి లేచింది. లోపల ఎర్రటి కారు, 1979 నాటి ఫెరారీ 308 జి.టి.ఎస్. మా బావమరిది వెంటనే ఎక్కలేదు. కారు కింద పరిచిన అట్టముక్కను బయటికి లాగి, రాత్రి పడిన నూనె చుక్కలు లెక్కపెట్టాడు. రెండు.

"పోయిన వారం కూడా రెండే బావా. బాగుంది" అన్నాడు.

స్టార్ట్ చేయడానికీ ఒక వరస ఉంది. తాళం ఒక మెట్టు తిప్పి, ఎలక్ట్రిక్ పంపు టకటకా కొట్టుకుని నెమ్మదించేదాకా ఆగాలి. యాక్సిలరేటరు నాలుగుసార్లు తొక్కాలి. అప్పుడు తాళం పూర్తిగా తిప్పితే వీపు వెనక ఎనిమిది సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి అందుకుంటాయి. ముందు దగ్గు, తర్వాత గరగర, అర నిమిషానికి నిలకడైన గురగుర. షెడ్డంతా పచ్చి పెట్రోలు వాసన నిండింది. అక్కడే నిలబెట్టి ఇంజను వేడెక్కించడం అతనికి ఇష్టముండదు. మెల్లగా నడుపుతూ వేడెక్కిస్తాడు, ఎందుకంటే ఇంజను నూనెతో పాటు గేరుబాక్సు నూనె కూడా వేడెక్కాలి.

ఆ రెండోది ఎందుకో రోడ్డెక్కిన మొదటి నిమిషంలోనే తెలిసింది. 308లో గేరు రాడ్డు మెరిసే ఇనప పలక గాళ్ళలో కదులుతుంది. మొదటి గేరు ఎడమ పక్కన కిందికి ఉంటుంది. నూనె చల్లగా ఉన్నంతసేపూ రెండో గేరు పడదు, మొరాయిస్తుంది. బలవంతం చేస్తే లోపలి సింక్రో రింగులు అరిగిపోతాయి. అందుకే ఈ కార్లు తెలిసినవాళ్ళు మొదటి పది పదిహేను నిమిషాలు ఒకటి నుంచి నేరుగా మూడుకు వెళ్ళిపోతారు. మేమూ అలాగే ఒకటి, మూడు వేసుకుంటూ మోడెనా దాటాం.

మా బావమరిదిది తెనాలి. బొలోన్యా చుట్టుపక్కల ప్యాకింగ్ యంత్రాలు తయారుచేసే కంపెనీలు చాలా ఉన్నాయి, వాటిలో ఒకదాంట్లో ఇంజనీరు. కార్ల పిచ్చి మాత్రం ఇటలీలో పట్టింది కాదు. మామగారికి ప్రీమియర్ పద్మిని ఉండేది. అది ఇటలీ ఫియట్ 1100కు బొంబాయిలో పుట్టిన రూపం. గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది. ప్రతి ఆదివారం బానెట్ ఎత్తి, చప్పుడు విని ఏ ప్లగ్గు సరిగా కాలడం లేదో మామగారు చెప్పేవారు. ఆ చెవి కొడుక్కి వచ్చింది. 1969లో ఫెరారీలో సగం వాటా కొన్నది అదే ఫియట్ అని చెప్పి, "మనం కారు మార్చాం గానీ ఇల్లు మార్చలేదు" అంటాడు మురిపెంగా. పన్నెండేళ్ళ కిందట, ఫ్లాటు కోసం దాచుకున్న డబ్బులో పెద్ద భాగం పెట్టి ఈ కారు కొన్నాడు.

మరనెల్లో మోడెనాకు దక్షిణంగా పద్దెనిమిది కిలోమీటర్లు. ఫెరారీ 1943లో ఇక్కడికి వచ్చింది, తన పేరుతో మొదటి కారు 125 ఎస్‌ను 1947లో బయటికి తెచ్చింది. ఫ్యాక్టరీ గేటు ముందు పర్యాటకులు ఫోటోలు తీసుకుంటున్నారు. మా కారు చూసి ఇద్దరు ముసలివాళ్ళు సైకిళ్ళు ఆపి చెయ్యెత్తారు. అద్దెకు తిరిగే కొత్త ఫెరారీలు అక్కడ నిమిషానికొకటి పోతుంటే ఎవరూ తల తిప్పడం లేదు. ఈ కారుకు మాత్రం ఆ ఊళ్ళో ఒక పాత పరిచయం ఉంది. ఫెరారీ ఫార్ములా వన్ జట్టులో పందేలు నడిపిన రోజుల్లో జిల్ విల్నెవ్ మొనాకోలో ఉండేవాడు. సొంత 308 జి.టి.ఎస్. నడుపుకుంటూ అక్కణ్ణుంచి మరనెల్లో వచ్చేవాడు.

మ్యూజియంలోకి వెళ్దామా అని అడిగాను. అతను ఒప్పుకోలేదు. "నిన్న చూశావు కదా, ఆగిపోయిన కారంటే ఏంటో" అన్నాడు.

నిన్న చూసింది మెకానిక్ షెడ్డులో. ఊరి బయట పొలాల మధ్య రేకుల షెడ్డు, డెబ్బై దాటిన పెద్దాయన, ఒక శిష్యుడు. లిఫ్టు మీద 1990ల నాటి ఎఫ్ 355 ఒకటి ఉంది. వెనక సగం ఖాళీ. ఇంజను, గేరుబాక్సు, వెనక చట్రం అన్నీ కలిపి కిందికి దించి పక్కన బండి మీద పెట్టారు. ఆ మోడలుకు టైమింగ్ బెల్టులు మార్చాలంటే ఇంజను దించక తప్పదు. టెస్టరోసాకూ, 348కీ అంతే. 1999లో వచ్చిన 360 మోడెనాకు సీట్ల వెనక పలక విప్పితే బెల్టులు అందుతాయి. 2004లో వచ్చిన ఎఫ్ 430కి బెల్టుల స్థానంలో చెయిన్లు పెట్టారు. మా బావమరిది 308 ఎంచుకోవడానికి సగం కారణం ఈ లెక్కే. దీనికి వెనక చక్రం, లోపలి రేకు విప్పితే ఇంజను ఉన్నచోటే పని అయిపోతుంది.

బెల్టు చూడ్డానికి రబ్బరు పట్టీ. క్రాంకుకూ వాల్వులకూ మధ్య తాళం తప్పకుండా చూసేది అదే. అది తెగితే పైకి వచ్చే పిస్టన్లు తెరిచి ఉన్న వాల్వులను గుద్దుతాయి. ఒక్క క్షణంలో ఇంజను ముక్కలు. రబ్బరు తిరిగితేనే కాదు, ఊరికే ఉన్నా గట్టిపడి పగుళ్ళిస్తుంది. అందుకే దాన్ని కిలోమీటర్లను బట్టి కాక ఏళ్ళను బట్టి మారుస్తారు. మూడేళ్ళకు, మరీ సాగదీస్తే అయిదేళ్ళకు. బెల్టులు, వాటిని బిగించే బేరింగులు, వాటర్ పంపు మరమ్మతు, కూలీ కలిపి బావమరిదికి పోయినసారి రెండు వేల యూరోలకు పైనే అయింది.

లిఫ్టు మీదున్న 355 ఇరవై ఏళ్ళకు పైగా తిరిగింది తొమ్మిది వేల కిలోమీటర్లే. దాని యజమాని దాన్ని పెట్టుబడిగా చూసుకున్నాడు. గుడ్డ కప్పి ఉంచాడు. పెద్దాయన ఒక పెట్రోలు గొట్టాన్ని చేతిలోకి తీసుకుని వంచాడు. పెళుసుగా విరిగిపోయింది. ఆయిల్ సీళ్ళు ఎండిపోయి కారుతున్నాయి. బ్రేకు కాలిపర్లు పట్టేశాయి. డాష్‌బోర్డు మీటల పై పూత కరిగి వేలికి జిగురులా అంటుకుంటోంది, ఆ కాలపు కార్లకు ఇది మామూలు జబ్బు. ఆ మరమ్మతు అంచనా చూశాను. ఏటా అయిదారు వేల కిలోమీటర్లు తిరిగే 308కి నాలుగేళ్ళలో అయ్యే ఖర్చు కంటే ఎక్కువ. దాని సొంతదారు ఆ కారు శబ్దం ఎన్నిసార్లు విని ఉంటాడో తలచుకుంటే నాకు బాధేసింది.

మరనెల్లో దాటగానే దారి కొండెక్కుతుంది. సెర్రమజ్జోని మీదుగా పవుల్లో వైపు వెళ్ళే ఈ పాత దారికి జార్దీని రోడ్డని పేరు. 18వ శతాబ్దంలో మోడెనా డ్యూకు మూడో ఫ్రాన్చెస్కో తన రాజ్యాన్ని టస్కనీతో కలపాలని పియెత్రో జార్దీని అనే ఇంజనీరు చేత వేయించాడు. గుర్రపు బళ్ళు ఆయాసపడకుండా ఎక్కాలి కాబట్టి వాలు ఎక్కడా మరీ నిటారుగా ఉండదు. మలుపు తర్వాత మలుపు. నూనె వేడెక్కింది, రెండో గేరు 'క్లిక్' మని పడింది, బావమరిది మొహం విప్పారింది.

ఆ తర్వాత అరగంట అతను మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

308ని 1975లో పారిస్ ప్రదర్శనలో మొదట చూపించారు. పినిన్‌ఫారినా సంస్థలో లియొనార్దో ఫియొరవంతి గీసిన రూపం. మొదటి ఏడు వందల చిల్లర కార్లకు ఫైబర్ గ్లాసు ఒళ్ళు, తర్వాతవాటికి ఉక్కు రేకు. సీట్ల వెనక అడ్డంగా కూర్చోబెట్టిన 2,926 సీసీల వి-8 ఇంజను, దాని నెత్తిన నాలుగు వెబర్ కార్బురేటర్లు. ఐరోపా కారుకు కంపెనీ చెప్పిన శక్తి 255 గుర్రాలు. ఈ రోజుల్లో అది పెద్ద అంకె కాదు, ఇంతకంటే బలమైన కుటుంబ కార్లు ఉన్నాయి. కానీ కాలు నొక్కితే ఎనిమిది గొట్టాలు గాలి పీల్చే చప్పుడు తల వెనక అడుగు దూరంలో వినపడుతుంది. మూడు వేల దగ్గర బొంగురు, అయిదు వేలకు గొంతు విచ్చుకుంటుంది, ఏడు వేలకు చేరేసరికి సన్నాయిలా పైస్థాయి అందుకుంటుంది. స్టీరింగుకు పవర్ సాయం లేదు. చక్రం కింద గులకరాయి నలిగితే అరచేతికి తెలుస్తుంది. పైకప్పు పలక తీసి సీట్ల వెనక దోపాం, చెస్ట్‌నట్ చెట్ల నీడ మొహం మీద పాకుతూ పోయింది. నాకు కార్ల మీద అంత మోజు లేదు. అయినా ఆ అరగంట ఇంకో అరగంట సాగితే బాగుండుననిపించింది.

ఆ నాలుగు కార్బురేటర్లు ఒకే శ్రుతిలో ఉండాలంటే ఎనిమిది గొంతుల్లోనూ గాలి సమానంగా పోవాలి. పెద్దాయన ఒక్కో గొంతు మీద గాలి కొలిచే చిన్న మీటరు పెట్టి, మర వెంట్రుకవాసి తిప్పి, చివర్లో మీటరు పక్కన పెట్టి చెవితో తేలుస్తాడు. ఈ పని తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు. విడిభాగాల కొరత కన్నా మా బావమరిదికి ఈ బెంగే ఎక్కువ. శిష్యుడికి ఇరవై రెండేళ్ళు, ఆ కుర్రాడు పని మానేస్తాడేమోనని పండక్కి బట్టలు పెట్టి వస్తాడు.

పవుల్లో ఊళ్ళో రోడ్డు పనుల వల్ల బళ్ళు ఆగిపోయాయి. ఎండ. అయిదు నిమిషాలకు నీళ్ళ వేడి చూపించే ముల్లు నిలువు గీత దాటి పక్కకు వాలడం మొదలుపెట్టింది. రేడియేటరు ముందుంది, ఇంజను వెనకుంది, నీళ్ళు కారు పొడవునా ప్రయాణం చేయాలి. కారు నిలబడితే గాలి తోసేది ఫ్యాన్లే, ఆ చప్పుడు వినపడటం లేదు. బావమరిది ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా పక్కకు తీసి ఇంజను ఆపాడు. ఫ్యూజు పెట్టె మూత తీశాడు. నలభై ఏళ్ళు దాటిన ఇత్తడి పట్టీ మీద పచ్చటి చిలుము పట్టి, అక్కడ వేడి పుట్టి ఫ్యూజు కరిగిపోయింది. గరుకు కాగితంతో గీకి కొత్త ఫ్యూజు వేశాడు. ఇరవై నిమిషాల్లో బయల్దేరాం. వెనక బండి ఆయన దిగి వచ్చి నీళ్ళ సీసా ఇచ్చాడు.

"వేడి ముల్లు చూడకుండా నడిపితే ఏమయ్యేది?" అన్నాను.

"హెడ్డు వంగిపోయేది. బెల్టు ఖర్చుకు నాలుగైదు రెట్లు" అన్నాడు.

పియెవెపెలాగో దాటాక ఫర్ అడవులు మొదలయ్యాయి. అబెతోనే కనుమ 1,388 మీటర్ల ఎత్తు. రోడ్డుకు రెండు వైపులా రెండు రాతి పిరమిడ్లు, ఒకటి మోడెనా గుర్తు, ఒకటి టస్కనీ గుర్తు. రోడ్డు వేసేటప్పుడు ఇక్కడ కొట్టిన ఒక మహావృక్షం పేరే ఊరికి మిగిలింది. ఆరుగురు చేతులు పట్టుకున్నా ఆ ఫర్ చెట్టు చుట్టూ అందేవి కావట. టిజెల్లె అనే చిన్న గుండ్రటి రొట్టెల్లో వెల్లుల్లి కొవ్వు ముద్ద, చీజు పెట్టుకుని తిన్నాం. కొండ బ్లూబెర్రీలు ఒక బుట్ట కొన్నాను. వాటిని డిక్కీలో పెట్టనివ్వలేదు. 308 డిక్కీ ఇంజనుకు వెనకే ఉంటుంది, అందులో పెట్టిందేదైనా ఉడికిపోతుంది. బుట్ట తిరుగు దారంతా నా ఒళ్ళోనే ఉంది.

భోజనం దగ్గర అతను చిన్న నోటుబుక్కు తీశాడు. పన్నెండేళ్ళ లెక్క అందులో ఉంది. సగటున ఏటా మూడున్నర వేల యూరోలు. కొన్నేళ్ళు ఎనిమిది వందలే, ఒక ఏడాది క్లచ్చు, పెట్రోలు గొట్టాలు, తలుపుల అడుగున తుప్పు కలిసొచ్చి తొమ్మిది వేలు దాటింది. టైర్లు నాలుగూ వెయ్యి యూరోలు దాటాయి. పద్నాలుగు అంగుళాల ఆ పాత కొలతను మిషెలిన్ ఇప్పటికీ చేస్తుండటం అదృష్టం. అరగకపోయినా వయసు మీదపడితే టైర్లు మార్చాల్సిందే. లీటరుకు ఆరేడు కిలోమీటర్లు. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును తినేస్తుంది కాబట్టి గొట్టాలన్నీ కొత్త రకానివి వేయించాడు. 20 శాతం ఇథనాల్ వచ్చాక మన దగ్గర పాత బళ్ళ వాళ్ళు పడుతున్న దిగులూ ఇదే. కొంత ఊరట కూడా ఉంది. ఇటలీలో ముప్పై ఏళ్ళు దాటిన కార్లకు ఏటి పన్ను మాఫీ, రోడ్డెక్కితే నామమాత్రపు మొత్తం చాలు. పాత కార్ల బీమా కొత్త ఫెరారీ బీమా కంటే చాలా చవక. కారు ధరా తగ్గలేదు. దాన్ని లాభంగా మాత్రం అతను ఎన్నడూ రాసుకోలేదు.

దిగేటప్పుడు నాకు హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో అద్దాల వెనకున్న నిజాం పసుపు రోల్స్ రాయిస్ గుర్తొచ్చింది. 1912 నాటి ఆ సిల్వర్ ఘోస్ట్‌ను ఎంత అందంగా నిలబెట్టారో! అది చరిత్ర, దాని చోటు అదే. కానీ నిన్నటి 355 చోటు షెడ్డు కాదు, రోడ్డు.

ఇలాంటి కారు కొనాలనుకునే మనవాళ్ళు అమెరికాలో, ఇంగ్లండులో, గల్ఫులో చాలామంది ఉన్నారు. మీటరు మీద తక్కువ కిలోమీటర్లు చూసి మురిసిపోకండి. బెల్టులు ఏ తేదీన మార్చారో బిల్లు అడగండి. ఏటా తిరిగిన కారు, బిల్లులన్నీ దాచిన యజమాని దొరికితే రంగు కాస్త వెలిసినా అదే కొనండి. కారు ధరలో అయిదో వంతు విడిగా దాచలేకపోతే ఇంకో రెండేళ్ళు ఆగండి. బావమరిది కారుకు వచ్చే మార్చితో బెల్టులకు మూడేళ్ళు నిండుతాయి. పెద్దాయన దగ్గర రోజు ఇప్పుడే ఖాయం చేసుకున్నాడు.