స్లాట్ల కింద

ఐర్లండులో కార్క్ నగరానికి కాస్త దూరంగా, ఒక రైతు ఇంటి పక్క వాటాలో అద్దెకుంటున్నాను. మొన్న జూన్‌లో ఒక సాయంత్రం ఓనరు తలుపు తట్టి, "నీ ఫోన్‌లో కెమెరా బాగా పనిచేస్తుందా?" అని అడిగాడు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఇంత సూటిగా పనికి పిలిచినవాళ్ళు లేరు.

ఇక్కడ చలికాలమంతా పశువులు షెడ్డులోనే ఉంటాయి. నేల మీద వరసగా కాంక్రీటు పలకలు పరిచి ఉంటాయి, వాటిని స్లాట్లంటారు. వాటిలో వేలెడు వెడల్పు సందులు. పేడా, మూత్రం గొడ్ల డెక్కల కింద నలిగి ఆ సందుల్లోంచి అడుగునున్న లోతైన తొట్టిలోకి జారిపోతాయి. ఆ చిక్కటి ద్రవమే స్లర్రీ. పొలానికి మంచి ఎరువు, కానీ చలికాలంలో చల్లడానికి చట్టం ఒప్పుకోదు, వాగులు పాడవుతాయని. కాబట్టి నెలల తరబడి కిందే నిలవుంటుంది.

ఈయన స్లాట్లు ముప్పయ్యేళ్ళ నాటివి. అంచులు గుండ్రంగా అరిగిపోయి సందులు వెడల్పయ్యాయి. పైన సిమెంటు పోయి కంకర తేలింది. మార్చిలో ఒక దూడ కాలు ఇరుక్కుందట. కానీ అసలు ప్రమాదం పైకి కనిపించదు, కింది వైపు ఇనుప ఊచలు తుప్పు పట్టాయా లేదా అన్నది చూడాలి. తొట్టి ఖాళీ చేయించాక, పొడవాటి కర్రకి నా ఫోన్ కట్టి, టార్చ్ వేసి లోపలికి దించాం. వీడియోలో ఐదు పలకల కింద కాంక్రీటు పెచ్చులూడి ఎర్రటి ఊచలు కనిపించాయి.

"ఆ ఐదే మార్చొచ్చుగా?" అన్నాను. ప్రొడక్షన్‌లో ఏది పగిలితే దానికే మాటు వేసే అలవాటు నాది. ఆయన తల అడ్డంగా ఊపాడు. అన్నీ ఒకే ఏడు వేసినవి, అన్నిటి మీదా అవే గొడ్లు తిరిగాయి, మిగతావి ఎప్పుడు విరుగుతాయో ఎవడు చూడొచ్చాడు అన్నాడు.

ఫోన్ దించేప్పుడు నన్ను ఆ కంత దగ్గరికి రానివ్వలేదు. స్లర్రీని కలిపినప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. కొంచెముంటే కుళ్ళిన గుడ్డు వాసన, ఎక్కువైతే ముక్కే పనిచేయదు. వాసన లేదు కదా అని ధైర్యంగా నిలబడ్డవాడు ఒకటి రెండు ఊపిరులకే కూలిపోతాడు. అందుకే గాలి వీచే రోజు చూసుకుని, గొడ్లని బయటికి తోలి, తలుపులన్నీ బార్లా తీసి, కలపడం మొదలయ్యాక కనీసం అరగంట ఎవరూ లోపలికి పోరు. 2012లో ఉత్తర ఐర్లండులో నెవిన్ స్పెన్స్ అనే యువ రగ్బీ ఆటగాడు, అతని అన్న, తండ్రి, ముగ్గురూ సొంత పొలంలోని ఇలాంటి తొట్టిలోనే పోయారు, ఒకరిని కాపాడబోయి ఒకరు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఓనరు నా వైపు చూడలేదు.

ఆ రాత్రి వీడియో కాల్‌లో నాన్నకి షెడ్డు చూపించాను. "ఎంతమంది పాలేర్లురా ఆయనకి?" అన్నారు. ఒక్కడూ లేడు నాన్నా, అన్నీ ఆయనే అన్నాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. మా తాతగారి గొడ్లచావిడిలో నాపరాళ్ళ పక్కన మురుగు కాలవ ఉండేది. అందులో చేయి పెట్టినవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. పొద్దున్నే ఒకాయన వచ్చి ఎత్తిపోసేవాడు, ఆయన మంచినీళ్ళ గ్లాసు వేరే. నేను రాసిన పుస్తక సమీక్షల్లో "మట్టి వాసన" అన్న మాట ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. ఆ వాసన ఎవరి చేతులకి అంటుకుని ఉంటుందో ఒక్కసారీ రాయలేదు.

జులైలో కొత్త స్లాట్లు వచ్చాయి. లోడరుతో ఒక్కొక్క పాత పలకనీ గొలుసు కట్టి లేపుతుంటే కింద నల్లటి గొయ్యి కొంచెం కొంచెంగా తెరుచుకుంది. కంచె అవతల నిలబడి చూస్తుంటే హైదరాబాదులో మా అపార్టుమెంటు గుర్తొచ్చింది. 2018 వేసవిలో సెప్టిక్ ట్యాంక్ పొంగింది. నడుముకి తాడు కట్టుకుని ఒకతను దిగాడు. మాస్కు లేదు, ఏమీ లేదు. అలా దింపడాన్ని నిషేధిస్తూ 2013లోనే చట్టం వచ్చింది. నాకు అప్పటికి తెలియదు. తెలిసుంటే ఆపేవాణ్ణా? మూడో అంతస్తులో కంపు భరించలేక కిటికీ మూశాను. అతను క్షేమంగానే పైకొచ్చాడు, ఒంటి మీద నీళ్ళు కుమ్మరించుకుని వెళ్ళిపోయాడు. పేరు అడగలేదు.

ఇక్కడ ఈయన సొంత గొడ్ల పేడ మీద, సొంత తొట్టి అంచున, ఇంత భయంగా నడుస్తున్నాడు. ప్రాణం తనది కాబట్టి.

సాయంత్రానికి చివరి పలక సందు కుదిరింది. ఓనరు దాని మీద నిలబడి మడమతో రెండుసార్లు తన్ని చూసి, "టీ తాగుదామా?" అన్నాడు. టీ తాగొచ్చి ఫోన్‌లో పాత వాట్సాప్ గ్రూప్ వెతికాను. ఎప్పుడో బయటికొచ్చేశాను కానీ మెసేజులు పోలేదు. అసోసియేషన్ సెక్రటరీ రేటు పెట్టాడు. దాని కింద నా మెసేజు: "1500 చాలా ఎక్కువండీ. 1200కి అడగండి, దిగుతాడు."

దాని కింద ఏడు బొటనవేళ్ళు.