ఓరుగల్లు చెరువులు - చేపల కడుపుపంట

వరంగల్లు వెళ్ళినవారు వేయిస్తంభాల గుడి చూస్తారు. ఖిల్లాలో కాకతీయుల తోరణాల ముందు నిలబడి ఫొటో తీయించుకుంటారు. భద్రకాళి అమ్మవారి దర్శనం చేసుకుంటారు. తీరిక దొరికితే రామప్ప దాకా పోయి వస్తారు. కాని కాకతీయులు మనకు విడిచిపోయిన ఆస్తిలో రాతికట్టడాలు ఒక వంతు మాత్రమే. రెండవ వంతు నీళ్ళు. గుడి కట్టినచోట చెరువు కట్టించడం ఆనాటి ఆచారం. రామప్ప గుడికి రామప్ప చెరువు తోడున్నది. పాకాల, లక్నవరం, ఘనపురం - ఒక్కొక్కటి చిన్న సముద్రమే. ఎనిమిది వందల యేండ్లు గడిచినా వీటి క్రింద నేటికీ వరి పండుతున్నది. వీటిలో నేటికీ చేప దొరుకుతున్నది.

ఈమాటు ఓరుగల్లు యాత్రకు వెళ్ళేవారు గుళ్ళతోపాటు రెండు మూడు చెరువుకట్టలు కూడా ఎక్కి చూడవలసినదని మా మనవి. కట్టమీద నిలబడి ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఈ చెరువుకు ఎగువన ఏమున్నది? ఊరున్నదా, చేలున్నవా, అడవి ఉన్నదా? నీళ్ళను చూస్తే మనకు జవాబు తెలియకపోవచ్చు. నీళ్ళలో పుట్టి, నీళ్ళలోనే పిల్లలను కనవలసిన చేపకు మాత్రం తెలుస్తుంది.

ఊరి నడుమ చెరువు

హనుమకొండకూ వరంగల్లుకూ నడుమ ఉన్నది భద్రకాళి చెరువు. ఒడ్డున అమ్మవారి ఆలయం, పక్కన బండరాళ్ళ గుట్టలు. ఊరికి మంచినీళ్ళు ఇచ్చిన చెరువు ఇది. ఊరు పెరిగింది, చుట్టూ కాలనీలు లేచినవి, కాలనీల మురుగు చెరువులోకి దారి చేసుకున్నది. నీటిమీద గుర్రపుడెక్క చాప పరచినట్లు పరచుకున్నది. చివరకు 2024 నవంబరులో చెరువులో నీరు వదిలివేసి పూడిక తీయడానికి పూనుకున్నారు.

మురుగు అనగానే మనకు దుర్వాసన, దోమలు జ్ఞాపకం వస్తవి. కంటికీ ముక్కుకూ అందని సరకు మరొకటి అందులో ఉన్నది. మనం మింగిన మందుబిళ్ళలలో ఒంటికి పట్టగా మిగిలినది, సంతాన నిరోధక మాత్రలలోని స్త్రీ హార్మోను, కొన్ని రకాల సబ్బుపొడులు విరిగితే పుట్టే నానిల్ ఫినాల్ వంటి రసాయనాలు - ఇవన్నీ మోరీవెంట పోయేవే. ఉన్న కొద్దిపాటి మోతాదులో ఇవి చేపను చంపవు. చేప ఒంటిలోని హార్మోనులను మాత్రం ఏమారుస్తవి. తాళానికి మారు తాళంచెవి పెట్టినట్లు, సొంత హార్మోను పోయి కూర్చోవలసిన చోట ఇవి పోయి కూర్చుంటవి.

ఆవగింజంత గ్రంథి

హార్మోను మహిమ ఎంతటిదో తెలియాలంటే మన చేపల పెంపకం కథే వినాలి. బొచ్చె, రోహు పారే నదులలో గుడ్లు పెట్టే జాతులు. నిలవ నీటి చెరువులో అవి ఎంత ఏపుగా పెరిగినా గుడ్లు పెట్టవు. పూర్వం చేపపిల్లలు కావాలంటే వరదల కాలంలో నదికి పోయి పట్టి తేవలసిందే. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి అనే శాస్త్రజ్ఞులు ఈ చిక్కు విప్పి చూపించారు. చేప మెదడు అడుగున ఆవగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. దానిని తీసి, నూరి, ఆ రసాన్ని మరొక చేపకు సూదిమందుగా ఎక్కించారు. చెరువు చేప గుడ్లు పెట్టింది! ఆ రోజునే ఇప్పుడు జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుకొంటున్నాము. మన చెరువులలో వేసే పిల్లలన్నీ ఆ సూది పుణ్యమే.

అంత చిన్న గ్రంథి రసంతో వేలకు వేలు పిల్లలు పుట్టగలిగినప్పుడు, దాని పనిని తారుమారు చేసే రసాయనం నీళ్ళలో కలిస్తే పుట్టుకకే ఎసరు రావడంలో వింత ఏమున్నది?

ఆ ఎసరు ఎలా వస్తుందో మొదట ఇంగ్లండులో బయటపడింది. అక్కడ మురుగును శుద్ధి చేసి నదులలోకి వదులుతారు. ఆ దిగువన దొరికిన రోచ్ అనే చేపలను కోసి చూస్తే మగచేపల వృషణాలలో గుడ్లు కనిపించినవి! గుడ్డుసొన కోసం ఆడచేప కాలేయంలో తయారు కావలసిన మాంసకృత్తు మగచేపల నెత్తురులో కనిపించింది. బ్రూనెల్ విశ్వవిద్యాలయంలో జాన్ సమ్టర్ మొదలైనవారు 1990 దశకంలో దీని మూలం వెదికితే, స్త్రీల శరీరంనుంచి సహజంగా వెలువడే హార్మోనులూ, మాత్రలలోని హార్మోనూ తేలినవి.

కెనడాలో అంతకంటె పెద్ద పరీక్షే చేశారు. ప్రయోగాలకోసం కేటాయించిన ఒక సరస్సులో 2001 నుంచి 2003 వరకు వేసవులలో మాత్రల హార్మోను కలిపారు. ఎంత? లీటరు నీటికి గ్రాములో నూరుకోట్లవ వంతు చొప్పున ఐదారు పాళ్ళు! అంతమాత్రానికే మిన్నో అనే చిన్న చేపల సంతానం నిలిచిపోయి, ఆ జాతి సరస్సులో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

ఇవన్నీ పరదేశపు సంగతులు, మనకేమి అనుకోవడానికి వీలులేదు. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో సుమారు 90 మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం ఒకటి ఉండేది. అక్కడ శుద్ధి అయిన నీటిలోనే లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ అనే మందు ఉన్నదని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించారు. ఆ నీటిని 500 వంతులు పలుచన చేసి అందులో ట్రౌట్ చేపలను ఉంచితే, వాటి కాలేయం పనిలో మార్పులు వచ్చినవి. ఆ నీరు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరకు చేరిన నీరు.

పత్తిచేల దిగువన

ఇక పట్టణం దాటి ఏ వైపు పోయినా పత్తిచేలు. వరంగల్లు ఏనుమాముల మార్కెట్టుకు వచ్చే పత్తి బళ్ళు చూడడమే ఒక వేడుక. కాని ఈ తెల్లబంగారం వెనుక చీకటి రోజులున్నవి. 1997-98లో లద్దెపురుగు విరుచుకు పడింది. మందుమీద మందు కొట్టినా పురుగు చావలేదు. అప్పులు మిగిలినవి. జిల్లాలో ఎందరో రైతులు, పురుగులకోసం కొన్న మందునే తాగి ప్రాణాలు తీసుకున్నారు.

ఆనాడు చేలలో కొట్టిన మందులలో ఎండోసల్ఫాన్ ఒకటి. లీటరు నీటిలో గ్రాములో పది లక్షల వంతులు కొన్ని కలిస్తే చాలు, చేప చస్తుంది. అంతకు తక్కువైతే చేప బ్రతుకుతుంది. కాని అది స్త్రీ హార్మోనును పోలి పనిచేస్తుందనీ, గుడ్ల సంచిని, వృషణాలను చెడగొడుతుందనీ ప్రయోగశాలలు తేల్చినవి. 2011 మే 13న సుప్రీంకోర్టు దానిని దేశమంతటా నిలిపివేసింది. ఆ మందు పోయింది. మందులు కొట్టడం పోలేదు. కాకతీయుల చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి పోస్తే క్రింది చెరువు నిండుతుంది. చేనులో కొట్టినది వానకు వాగులోకి, వాగునుంచి చెరువులోకి, ఆ చెరువునుంచి మరొక చెరువులోకి ప్రయాణం చేస్తుంది.

మరి చేపలు తగ్గితే బెస్తలకూ ముదిరాజులకూ తెలియదా అని మీరు అడగవచ్చు. ఇక్కడే ఒక మాయ ఉన్నది. బొచ్చె, రోహు పిల్లలను యేటా తెచ్చి చెరువులో వదులుతారు. 2016 నుంచి ప్రభుత్వమే ఉచితంగా పిల్లలను ఇచ్చే పథకం పెట్టింది. పట్టేటప్పుడు వలనిండా చేప వస్తుంది. అవి ఈ నీటిలో పిల్లలను కనగలవా అన్న ప్రశ్నే రాదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవి ఎవరూ తెచ్చి వేయని నాటుచేపలు - కొర్రమీను, మార్పు, జెల్ల, పరిగె. వాటికి పుట్టిల్లూ, పురుటిల్లూ ఆ చెరువే. వలకు పడిన చేపల బరువు తూచి చెరువు బాగున్నదనుకోరాదు. నాటుచేప పిల్లలు కనిపిస్తున్నవా లేదా అని చూడాలి.

చేలు మారితే నీరు మారుతుంది. ఆ మార్పుకు నమూనా కావాలంటే హైదరాబాదు దారిలో, ఇప్పటి జనగామ జిల్లాలోని ఏనెబావి గ్రామానికి వెళ్ళాలి. యాభైకి అటూ ఇటూగా కుటుంబాలున్న చిన్న ఊరు. 2005-06 ప్రాంతంలోనే ఊరంతా ఒక్కమాటమీద నిలబడి పురుగుమందులు, రసాయనిక ఎరువులు మానివేసింది. వేపగింజల కషాయం, పేడ, పశువుల మూత్రం - వాటితోనే సేద్యం.

అడవి ఒడిలో పాకాల

చివరగా పాకాల వెళ్ళండి. వరంగల్లునుంచి నర్సంపేట మీదుగా యాభై కిలోమీటర్ల దారి. గణపతిదేవుని కాలంలో గుట్టల నడుమ కట్ట వేసి వాగును నిలిపారు. నర్సంపేట దాటిన తరువాత చేలు తగ్గి, చెట్లు దగ్గరవుతవి. కట్ట ఎక్కితే ఎదుట ఎంతదూరమైనా నీరు, నీటి అంచున అడవి. మన ప్రశ్నకు ఇక్కడ జవాబు వెదకనక్కరలేదు. ఎగువన ఉన్నది చాలావరకు అడవే.

పాడైనది బాగుపడదా? బాగుపడుతుంది. ఇంగ్లండులో ఏర్ నది ఒడ్డున ఉన్ని కడిగే మిల్లులు నానిల్ ఫినాల్ పుట్టించే సబ్బులను మానుకుంటే, దిగువనున్న చేపలలో ఆ వికారం తగ్గింది. కెనడా సరస్సులో హార్మోను కలపడం ఆపిన కొన్ని యేండ్లకు మిన్నోలు మళ్ళీ పెరిగినవి. చేపకు మనవంటి మొండితనం లేదు. చెరుపు ఆగితే చాలు, తన సంసారం తాను దిద్దుకుంటుంది.

ఇందులో మన స్వార్థమూ ఉన్నది. ఈస్ట్రడయోల్ అనే స్త్రీ హార్మోను చేపలోనూ మనిషిలోనూ ఒక్కటే. చేపను ఏమార్చేది మనలను వదలిపెడుతుందని ఏ ధీమాతో ఉండగలము? కాలం చెల్లిన మందులు మోరీలో పారబోయకుండా ఉండడం ప్రతి ఇల్లాలికీ చేతనైన పని. కాలనీ మురుగు చెరువులోకి పోకుండా అడ్డుపడడం ప్రతి ఊరికీ చేతనైన పని.

కొర్రమీను తెలంగాణ రాష్ట్రపు చేప. చేపలలో అంత మంచి తల్లిదండ్రులు అరుదు. వానకాలంలో శుభ్రమైన చెరువు ఒడ్డున ఓపికగా నిలబడితే, నీటిమీద ఎర్రని పిల్లల గుంపు ఒకటి కుంకుమ చల్లినట్లు కదలడం కనిపిస్తుంది. దాని అడుగునే పెద్ద కొర్రమీను కావలి కాస్తూ ఉంటుంది. ఈసారి చెరువుకట్ట ఎక్కినప్పుడు పిల్లలకు ఆ ఎర్రని గుంపును చూపించండి. కనిపించిందా, ఆ చెరువు ఇంకా బాలింత చెరువే. కనిపించలేదా, వెనుదిరిగి ఎగువకు చూడండి.